కాదంటే ఎటు పోవాలి

నవంబర్ 4

ఇస్క్రా తన పాత కంప్యూటరూ ప్రింటరూ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి వెళ్లింది. ఊరికి ఆ కొసన ఉంటుంది, బస్సు డిపో ఆఫీసులో పని. నా కూతురు ఈ ఇంట్లో కోటు విప్పి కూర్చుని ఎన్నాళ్లయిందో. ఈరోజూ విప్పలేదు.

"అమ్మా, నువ్వు గోడల నిండా అంటించిన చీటీలు నాన్న చదవట్లేదు. ఆయనకి చీటీలేం తెలుసు? జన్మంతా గీతలు గీసిన మనిషి. గీసి పెట్టు, అప్పుడు చూస్తాడు."

"నాకు గీతలెక్కడ వచ్చు? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముసలిదాన్నయ్యాను నేను."

"నువ్వేం గియ్యక్కర్లేదు. ఇందులో వాళ్లే గీసిపెట్టిన నమూనాలున్నాయి. తెల్ల కాగితంతో మొదలుపెట్టకు, బెంగొస్తుంది. ఒక నమూనా తెరువు, వాళ్ల మాట చెరిపెయ్యి, నీ మాట పెట్టు. అంతే."

అంతేనట. అది వెళ్లాక మా ఆయన అసెన్ అడిగాడు, ఆ వచ్చినావిడ కరెంటు రీడింగు కోసమా అని.

నమూనాలు చూశాను. కంపెనీలో ఎవరి కింద ఎవరో చూపించేది ఒకటి. ఎవరిదో వంటిల్లు పైనుంచి చూసినట్టు ఒకటి. నవ్వు మొహాల తాతలూ నాయనమ్మలూ ఉన్న వంశవృక్షం ఒకటి. చేపముల్లు లాంటిది ఒకటి, అదెందుకో అంతు పట్టలేదు. ఆఖరుది "దీపం వెలగడం లేదు". దాని కింద ప్రశ్నలు. ప్లగ్గు పెట్టి ఉందా? బల్బు పోయిందా? అవునంటే ఒక బాణం, కాదంటే ఒక బాణం. అన్నిటికీ అడుగున ఒక గడి: కొత్త దీపం కొనండి.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎంత తేలిక వాళ్లకి.

నవంబర్ 6

"దీపం వెలగడం లేదు" చెరిపేసి "దోన్కా కనిపించడం లేదు" అని పెట్టాను. నా గొడవంతా అదే కదా. నేను రొట్టె కోసం కిందికి దిగితే చాలు, ఈయన బీరువాలు తెరిచి కోట్ల మధ్య నన్ను వెతుకుతాడు, కేకలు పెడతాడు, పక్కింటి సాబ్కా పరిగెత్తుకొస్తుంది.

కోటు కొక్కేనికి ఉందా? అవును: స్నానాల గదిలో ఉంది, పిలువు. కాదు: బజారుకి వెళ్లింది. చీకటి పడిందా? కాదు: కూర్చో, వస్తుంది. అవును: సాబ్కా తలుపు కొట్టు. సాబ్కా ఉందా? అవును: ఆమె దగ్గర కూర్చో.

అడుగున ఆ దీపం గడి మిగిలిపోయింది. చెరపబోతే బొమ్మంతా పక్కకి జారిపోతోంది. పోనీలే, అక్కడిదాకా ఎవరు చదువుతారు అని వదిలేశాను. ప్రింటు తీసి తలుపు పక్కన అంటించాను.

అసెన్ వచ్చి నిలబడ్డాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. అది అక్కడుందని అతనికి గుర్తుంది, నాకే లేదు.

"ఇదెవరు గీశారు?"

"నేనే."

"సాబ్కా ఉందా అని అడిగావు. ఉందంటే దారి ఇచ్చావు. లేదంటే? కాదంటే మనిషి ఎటు పోవాలి?"

పెన్సిలు మొనతో ఆ గడి మీద తట్టాడు.

"దారి లేని ప్రశ్న వెయ్యకూడదు, దోన్కా. మా డిజైన్ విభాగంలో అయితే ఈపాటికి ఇంటికి పంపేసేవాణ్ణి నిన్ను."

దోన్కా అన్నాడు. పేరు పెట్టి, పాత గొంతుతో, విసుగ్గా. స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆనందంతోనే. ఈరోజు మంచిరోజు.

నవంబర్ 7

కాదు బాణం పెట్టాను. ఎక్కడికి కలపాలో తెలియక కిందికి లాగాను. అదే పోయి అడుగు గడికి అతుక్కుంది. అసెన్ చూసి, "ఊఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు. అతను సరే అన్నాక నేనెవర్ని?

నవంబర్ 10

సరే అన్నాడు గానీ పాటించడు. నేను వెళ్లొచ్చేసరికి మళ్లీ బీరువాలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కాగితం చూపించాను.

"సంతకం ఏది?" అన్నాడు.

"ఏం సంతకం?"

"కుడి మూల అడుగున. గీసినవారు, తనిఖీ చేసినవారు, ఆమోదించినవారు. ఆమోదం లేని డ్రాయింగు పట్టుకుని పని మొదలుపెట్టమంటావా? మనుషులు చచ్చిపోతారు."

అదీ నిజమే. ముప్ఫై ఏళ్లు అలాగే బతికాడు. కుడి మూల చిన్న పట్టీ చేసి, "ఆమోదించినవారు" అన్న చోట వెలిచ్కోవ్ సంతకం నేనే గిలికాను. వెలిచ్కోవ్ అతని పాత ముఖ్య ఇంజనీరు. పోయి చాలా కాలమైంది. బతికున్నప్పుడు మా ఇంట్లో తిన్న పంది మాంసానికి ఈ మాత్రం సాయం చేస్తే తప్పులేదు.

నవంబర్ 13

పనిచేస్తోంది! రొట్టె తెచ్చుకుని వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "డ్రాయింగు ప్రకారం" అన్నాడు.

ఇక పట్టపగ్గాలు లేవు నాకు. పొయ్యికొకటి, స్నానానికొకటి, చొక్కా ముందా స్వెట్టరు ముందా అనేదానికొకటి. అన్నీ ఆ దీపం నమూనా నుంచే. అన్నిటికీ వెలిచ్కోవ్ సంతకమే. పైలోకంలో ఆయనకి తీరిక లేకుండా చేశాను.

నవంబర్ 19

కింద ప్రధాన తలుపు దగ్గర మళ్లీ ఆలస్యం. ఇంట్లో మనిషి పోతే అంటించే కాగితాలు ఆ తలుపు నిండా. రెండో అంతస్తు గేర్గీనా పోయి ఆర్నెల్లయిందట, నల్లగీత చట్రంలో ఫోటో, పేరు, కింద నాలుగు మాటలు. దాని పక్కన పాతవి, ఎండకి వెలిసిపోయి మొహాలు లేనివి. వాటిని ఎవరూ చింపరు కదా. వానే చింపాలి, గాలే తీసుకుపోవాలి.

అసెన్ ఒక్కటీ వదలడు. ప్రతి కాగితం ముందూ టోపీ తీస్తాడు.

"ఈవిడ నాకు తెలుసు."

"తెలియకేం, మన కిందింట్లోనే ఉండేది. పద, చలేస్తోంది."

నవంబర్ 27

బాగానే ఉన్నాడు.

డిసెంబర్ 3

నా పుట్టినరోజు. ఇస్క్రా ఐదు కార్నేషన్లు తెచ్చింది. ఒకటి కాడ విరిగితే తీసేసి మిగతావి నీళ్లలో పెట్టాను. సాబ్కా చూసి లబలబలాడింది.

"నాలుగా! వదినా, నీకేమైనా మతిపోయిందా? సరి సంఖ్య పీనుగకి పెడతారు గానీ బతికున్న మనిషి ముందు పెడతారా?" అంటూ ఇంకోటి లాగి తన జాకెట్టుకి గుచ్చుకుపోయింది. అంత పట్టింపు ఉన్నదానివి నాకోసం ఇంకోటి కొనుక్కు రావచ్చుగా.

డిసెంబర్ 6

సెయింట్ నికోలస్ పండగ. చేప కడుపులో బియ్యం, అక్రోటు కూరి కాల్చాను. అసెన్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. తిన్నాక మూతి తుడుచుకుని, "చాలా బాగుందమ్మా. మీ ఇంటాయన అదృష్టవంతుడు" అన్నాడు.

తమాషాకే అన్నాడు. అతనెప్పుడూ తమాషా మనిషే.

డిసెంబర్ 17

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

మందుల చీటీ కోసం ఆసుపత్రికి వెళ్లాను. వరస కదల్లేదు. బయటికి వచ్చేసరికి చీకటి పడింది, మంచు మొదలైంది. ఇంటి తలుపు తీసి ఉంది. కుర్చీ ఖాళీ. బీరువాలు మూసే ఉన్నాయి. అది చూసి ఇంకా భయమేసింది.

సాబ్కా వాళ్ల అక్క ఊరు వెళ్లింది. నాకు చెప్పే వెళ్లింది, నేనే మర్చిపోయాను. మెట్లు దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. ఆఖరికి ఫోను మోగింది. పెద్ద వీధిలో బ్యాంకు కాపలావాడు. ఇంటి చెప్పులతో ఒకాయన వచ్చి అద్దాల ముందు నిలబడ్డాడట, వెళ్లమంటే వెళ్లడట, షాపు ఎప్పుడు తీస్తారని అడుగుతున్నాడట. ఎప్పుడో ఆ బ్యాంకు చోట ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు ఉండేది.

వేళ్లు నీలంగా అయిపోయాయి. ఆసుపత్రిలో పక్కమీద కూర్చుని నన్ను చూసి తల వంచుకున్నాడు, పని చెడగొట్టుకొచ్చినవాడిలా.

"దీపం దొరకలేదు" అన్నాడు.

"ఏం దీపం, అసెన్?"

"కోటు లేదు. చీకటి పడింది. సాబ్కా తలుపు కొట్టాను, లేదు. కాదంటే కొత్త దీపం కొనాలి. డ్రాయింగులో ఉంది. ఆమోదం కూడా ఉంది."

అంతా సరిగ్గానే చేశాడు. ఒక్క అడుగు తప్పలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఎవరి దీపమో, ఎవరి ఇంట్లో వెలగనిదో, నా మొగుణ్ణి మంచులో నిలబెట్టింది. నేను నిలబెట్టాను.

డిసెంబర్ 19

ఇస్క్రా వచ్చింది. ఈసారి కోటు విప్పింది. అప్పుడే అర్థమైంది ఏం మాట్లాడబోతోందో.

"అమ్మా, ఇక చాలు. రజ్‌గ్రాడ్ దారిలో ముసలివాళ్ల హోమ్ ఒకటి ఉంది. చూసొచ్చాను. శుభ్రంగా ఉంది, తోట ఉంది."

"తోటలో ఏం చేస్తాడు, టమాటాలు పెంచుతాడా?"

"వెటకారం వద్దు. నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

"చూసుకునేంత అందంగా ఎప్పుడూ లేను."

"చలికి వేళ్లు పోయేవి ఆయనకి! ప్రాణమే పోయేది!"

"నీ కంప్యూటరే కదా తెచ్చింది!"

అనకూడదు. అనేశాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితం తీసి చూసింది. దీపం గడి మీద వేలు పెట్టి ఏమీ అనలేదు. నేను అలాంటి కూతుర్ని ఎందుకు కన్నానో, ఇంత మంచిదాన్ని. ఒక్కమాట అని ఉంటే నాకు తేలికయ్యేది.

చివరికి ఒప్పందం. అక్కడ ఒక చోటు అట్టిపెట్టమని వాళ్లకి చెబుతుందట. ఇంకొక్కసారి అసెన్ ఒంటరిగా వీధిలోకి వెళితే, వాదన లేదు, తీసుకెళ్లిపోతుంది. సరేనన్నాను. తాళంచెవి మెడలో కట్టుకున్నాను. ఇంకెక్కడికి వెళ్తాడు?

డిసెంబర్ 24

క్రిస్మస్ ముందు రాత్రి భోజనం. పప్పు, ద్రాక్షాకు చుట్టలు, గుమ్మడి, తేనె, రొట్టె. ఇద్దరికీ పళ్లేలు పెట్టాను.

"ఇంకో పళ్లెం పెట్టండి" అన్నాడు. "దోన్కా రావాలి."

పెట్టాను.

డిసెంబర్ 25

రాత్రి ఎత్తకుండా వదిలేసిన బల్ల పొద్దున సర్దాను. పోయినవాళ్లు వచ్చి తింటారని వదులుతాం. మూడో పళ్లెం కడిగి పెట్టాను, అందులో ఎవరూ తినలేదు గానీ.

జనవరి 9

గడులూ బాణాలూ ఇక పనిచెయ్యవు. ప్రశ్న దాకా చదివి అక్కడే ఆగిపోతున్నాడు. అందుకని ఆ వంశవృక్షం నమూనా తెరిచాను. మనుషుల్ని చూపిస్తే చాలనుకున్నాను. నవ్వు మొహాల తాతని తీసి అసెన్ వాళ్ల నాన్నని పెట్టాను, వాళ్ల అమ్మని పెట్టాను, ఇస్క్రాని పెట్టాను. నా గడిలో నా ఫోటో ఏదీ నచ్చలేదు. ఒకదాంట్లో గెడ్డం కింద మడత, ఒకదాంట్లో ఆ వెధవ గౌను. రేపు పెడదామని వదిలి ఎలా వస్తుందో చూద్దామని ప్రింటు తీశాను.

అసెన్ వేలు పెట్టుకుంటూ పోయాడు. "నాన్న. అమ్మ. ఈ పిల్ల, ఈ పిల్ల…"

"ఇస్క్రా."

"ఆఁ. ఇదిగో, ఇది దోన్కా." మొహం వెలిగిపోయింది.

ఆ గడిలో నమూనా ఆడమనిషి ఉంది. చక్కటి పళ్లు, లేతనీలం స్వెట్టరు, ఎక్కడి మనిషో. ఎవరికోసమో నవ్విన నవ్వు.

"అందంగా లేదూ?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

జనవరి 10

ఆ కాగితం చింపలేకపోయాను. అతను దిండు కింద పెట్టుకున్నాడు.

ఒక ఫోటోని చూసి ఈర్ష్య పడుతున్నాను. ఈ వయసులో. వెర్రి వెయ్యి విధాలంటారు, ఇది వెయ్యిన్నొకటోది.

జనవరి 16

తలుపు తాళం వేస్తే గోల. గుద్దుతాడు, "పొగ! మనుషులున్నారు లోపల!" అని అరుస్తాడు. ఎప్పుడో వర్క్‌షాపులో మంటలంటుకున్న రోజు అతనికి నిన్నటిలా ఉంది. కింది ఇంటివాళ్లు చీపురుకర్రతో కప్పు కొడుతున్నారు. పగటిపూట తాళం తీసి, నేనే తలుపుకడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. అల్లిక పట్టుకుంటున్నాను గానీ ఒక వరస కూడా సాగదు.

అసలు సంగతి ఇక్కడ తప్ప ఎక్కడ రాస్తాను: అతను పోయినా బాగుండును అని నిన్న అనుకున్నాను. అనుకుని లేచి వెళ్లి అతని కాళ్లకి మేజోళ్లు తొడిగాను.

జనవరి 20

మంచి ఉపాయం తట్టింది. తప్పిపోతే ఎవరైనా తీసుకురావాలంటే ముందు వాళ్లకి తెలియాలిగా. కింద తలుపు మీద కాగితం అంటిస్తే? పోస్టుమాన్ చూస్తాడు, రొట్టెల పిల్ల చూస్తుంది.

ఈసారి కంపెనీ నమూనా. పైన డైరెక్టరు గడి ఉంటుంది, దళసరి నల్లచట్రం, ఫోటోకి చోటు. డైరెక్టర్ని తీసి అసెన్ పాస్‌పోర్టు ఫోటో పెట్టాను. కోటు, టై, గంభీరంగా. దాని కింద పేరు పెద్ద అక్షరాల్లో: ఇంజనీర్ అసెన్ దెలిబాల్తోవ్. దాని కింద చిన్నగా: ఈయన కనిపిస్తే దయచేసి ఇంటికి తీసుకురండి. అక్కణ్ణించి బాణాలు: మూడో అంతస్తు. ఎడమ తలుపు. గంట కొట్టండి. కుడి మూల వెలిచ్కోవ్ సంతకం, చెయ్యి అలవాటున పడిపోయింది.

చాలా నీటుగా వచ్చింది. నేను చేసినవాటిలో ఇదే బాగుంది. తెర మీద చూస్తే ఒక్క తప్పు లేదు. సాయంత్రమే కింద అంటించి వచ్చాను.

జనవరి 21

నా అంత తెలివితక్కువదాన్ని ఈ భూమ్మీద ఇంకోదాన్ని చూడలేదు.

పొద్దున్నే గంట మోగింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, అసెన్ వెళ్లి తలుపు తీశాడు. ఎదురుగా సాబ్కా, నల్లగుడ్డ తలకి చుట్టుకుని, చేతిలో చావింటికి తెచ్చే ఉడికించిన గోధుమల గిన్నె, కళ్లు ఎర్రగా. అతన్ని చూసి కెవ్వుమని గోడకి చేరబడిపోయింది. గోధుమలన్నీ గుమ్మంలో.

"ఏమైందమ్మా? ఎవరు పోయారు?" అన్నాడు అసెన్ మర్యాదగా.

సాబ్కా నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "వదినా, ఆ తలుపు మీదేంటి! ఫోటో! నల్లచట్రం! నిన్న సాయంత్రం నుంచీ బిల్డింగంతా ఏడుస్తోంది, తెలుసా? ఐదో అంతస్తు వాళ్లు దండకి చందా వసూలు చేస్తున్నారు!"

"కింద రాశాను కదా, ఇంటికి తీసుకురండి అని. చదవడం రాకపోతే నాదా తప్పు?"

"ఆ తలుపు మీద ఎవడు చదువుతాడే! మొహం చూస్తాం, పేరు చూస్తాం, దణ్ణం పెట్టుకుంటాం, పోతాం."

నిజమే. నేనూ అంతే చేస్తాను. నలభై ఏళ్లుగా ఆ తలుపు దాటుతున్నాను, అంటించేటప్పుడు నాకు తట్టనే లేదు.

"పోయి చింపేస్తాను."

"చింపకు!" నా చెయ్యి పట్టుకుంది. "బతికున్న మనిషి మొహం చింపుతావా? కీడు. ఏదో ఒకటి రాసిపెట్టు."

కిందికి వెళ్లి పెన్నుతో అడ్డంగా రాశాను: బతికే ఉన్నాడు. రాస్తుంటే నవ్వొచ్చింది. సాబ్కా కూడా నవ్వింది. మెట్ల మీద కూర్చుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత నేను ఆపలేకపోయాను, అది నవ్వు కాదని సాబ్కాకి ముందు తెలిసింది.

జనవరి 24

బట్టలు ఆరెయ్యడానికి బాల్కనీలోకి వెళ్లాను. తాళంచెవి తలుపుకే వదిలేశాను. అంతే, ఇంకేం రాయాలి దాని గురించి.

లోపలికి వచ్చేసరికి అసెన్ లేడు. కోటు లేదు. బీరువాలో నల్లకోటూ లేదు, చావులకి తొడుక్కునేది. నేను గబగబా బూట్లు వెతుక్కుంటుంటే గంట మోగింది.

అతనే. నల్లకోటు, తల దువ్వుకున్నాడు, టోపీ చేతిలో ఉంది. ఇంకో చేతిలో వీధి మలుపు పూలకొట్టులోవి రెండు కార్నేషన్లు. తన ఇంటి గంట అతనెప్పుడూ కొట్టి ఎరగడు.

"క్షమించాలి. ఇంజనీర్ దెలిబాల్తోవ్ గారిల్లు ఇదేనా అమ్మా?"

తల ఊపాను.

"ఆయనా నేనూ ఒకేచోట పనిచేశాం. కింద తలుపు మీద చూశాను. మూడో అంతస్తు, ఎడమ తలుపు, గంట కొట్టండి అని ఉంది. వెలిచ్కోవ్ సంతకం ఉంది, అంటే నిజమే. దేవుడు ఆయన్ని క్షమించుగాక."

"క్షమించుగాక" అన్నాను. పోయినవాళ్ల గురించి ఎవరు ఆ మాటన్నా తిరిగి అదే అంటాం, నోటికి అలవాటు. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

లోపలికి రమ్మన్నాను. చెప్పులు విప్పి ఒద్దికగా పెట్టి, తన కుర్చీ వదిలేసి అతిథుల కుర్చీ అంచున కూర్చున్నాడు. పువ్వులు నాకందించాడు. నేను లేచి రెండు గ్లాసుల్లో రకియా సారా పోశాను. అతను తాగేముందు కొంచెం నేలమీద ఒలికించాడు, పోయినాయన కోసం. నేనూ ఒలికించాను. గ్లాసులు తగిలించుకోలేదు, చావింట్లో తగిలించుకోరు.

"ఎవరో పెన్నుతో బతికే ఉన్నాడని గిలికారమ్మా దానిమీద. కుర్రవెధవలు. చచ్చినవాళ్లతో పరాచికాలేంటి? దాని మీద తెల్లకాగితం ముక్క అంటించి వచ్చాను."

"మంచిపని చేశారు."

"చివర్లో బాధపడ్డారా?"

"లేదు."

"మిమ్మల్నేమైనా ఇబ్బంది పెట్టారా?"

"లేదు. అస్సలు లేదు."

"మంచివాడు. కాస్త చాదస్తం. ఒక గీత తప్పు పడితే అన్నం తినేవాడు కాదు." నవ్వాడు. "భార్య గురించి ఎప్పుడూ చెప్పేవాడు. ఎక్స్ఛేంజిలో ఆవిడ గొంతు వినడానికని రోజూ తప్పు నంబరుకి కలపమనేవాడట. దోన్కా అనో ఏదో పేరు. మీరేనా?"

"నేనే."

నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.  ఆ చూపులో ఏదో కదిలిందని రాయాలని ఉంది. కదల్లేదు. పరాయి ఇంటి దుఃఖం ముందు మర్యాదస్తుడు చూసే చూపు, అంతే.

"అలిసిపోయారమ్మా మీరు" అన్నాడు. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"ఒక్కరే ఉంటారా ఈ ఇంట్లో?"

నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"మరి ఇప్పుడు ఎటు పోతారు?"

ఎర్ర పెన్సిలు పట్టుకున్ననాటి గొంతే. సరిగ్గా అదే. కాకపోతే విసుగు లేదు, జాలి ఉంది.

"కూతురుంది" అన్నాను.

"ఫోన్ చెయ్యండి. ఇది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. సిగ్గుపడకండి."

చేశాను. అతని ముందే చేశాను. అసెన్ గ్లాసు ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు.

"ఇస్క్రా, ఆ చోటు ఇంకా ఉందా?"

"ఏమైందమ్మా? మళ్లీ వెళ్లాడా?" అంది.

"వెళ్లాడు. వచ్చేశాడు. తనే వచ్చాడు, కాగితం చూసుకుని."

ఫోను పెట్టాక అతను తల పంకించాడు, డ్రాయింగు సరిగ్గా ఉన్నప్పటిలా. లేచి, టోపీ అందుకుని, తలుపు దాకా వెళ్లి ఆగాడు. ఇక ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. నేను వెళ్లి నల్లకోటు విప్పించి కుర్చీలో కూర్చోబెట్టాను. తన కుర్చీలో.

జనవరి 28

ఇస్క్రా కారు తెచ్చింది. సంచిలో మేజోళ్లు, కళ్లజోడు, ఎర్ర పెన్సిలు పెట్టాను. దిండు కింది కాగితం కూడా, ఆ నీలం స్వెట్టరుదాన్ని. పోనీ ఎవరో ఒక దోన్కా ఉంటుంది అతని దగ్గర.

కారెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండమ్మా" అన్నాడు.

ఫిబ్రవరి 5

ఇస్క్రా ఈమధ్య వచ్చినప్పుడల్లా కోటు విప్పుతోంది.

ఫిబ్రవరి 14

కంప్యూటరు తెరిస్తే అడుగుతోంది: ఖాళీ కాగితమా, నమూనానా? మూసేశాను.

మార్చి 1

ఆరోగ్యం కోసం ఈరోజు కట్టే ఎర్రదారం తెల్లదారం పేని అసెన్ మణికట్టుకి కట్టి వచ్చాను. ఎవరు పంపారని అడిగాడు. దోన్కా అన్నాను. సంతోషించాడు.

కింద తలుపు మీద ఆ కాగితం ఇంకా ఉంది. రెండుసార్లు వాన పడింది, బాణాలు వెలిసిపోయాయి, ఫోటో మాత్రం నిలిచింది. వచ్చేటప్పుడు ఐదో అంతస్తు కొత్త కుర్రాడు దాని ముందు ఆగి టోపీ తీశాడు. నేనూ ఆగాను. గోరుతో ఒక మూల ఎత్తి చూశాను, తేలిగ్గానే ఊడి వస్తుంది.

మళ్లీ అదిమి అంటించేశాను. వీటిని ఎవరూ చింపరు.